పుత్తూరు లెక్కల లెక్చరర్‌కు 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్' తలనొప్పి.. రెండేళ్ల కొలతతో గణితాన్ని తూచొచ్చా?

పుత్తూరు: ఇంజినీరింగ్ కాలేజీలో ఎం-1, ఎం-2 చెప్పే లెక్కల లెక్చరర్‌కు ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే.. "పాస్ పర్సంటేజీ ఎంత?" ఇప్పుడు దాని వెనకాలే ఇంకోటి వస్తోంది. "స్కోపస్ పేపర్లు ఎన్ని? జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత?" ప్రమోషన్ ఫారంలో ఒక కాలమ్ దీనికే.

తిరుపతి-చెన్నై రోడ్డులో ఉన్న పుత్తూరు లాంటి చిన్న ఊరి కాలేజీలకూ ఈ గొడవ ఎందుకు? కారణం ర్యాంకులు. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ ర్యాంకింగ్‌లో 100కి 30 మార్కులు పరిశోధనవే. అందులో పేపర్ల సంఖ్యతో పాటు సైటేషన్లకూ వాటా ఉంది. సైటేషన్ అంటే పెద్ద విషయమేం కాదు.. మీ పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్ చివర రిఫరెన్స్‌గా చూపించడం.

అసలు ఈ లెక్క ఎలా కడతారు?

ఒక జర్నల్ 2022, 2023లో కలిపి 100 పేపర్లు వేసిందనుకుందాం. 2024లో వాటికి 40 సైటేషన్లు వచ్చాయి. 40ని 100తో భాగిస్తే 0.4. అదే ఆ జర్నల్ 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అంతే! ఐదో తరగతి భాగహారం. ఈ ఆలోచనకు మూలపురుషుడు అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్.

చిక్కంతా ఆ 'రెండేళ్ల' దగ్గరే ఉంది. మన ఊరి వాళ్లకు చెప్పాలంటే.. పుత్తూరు కట్టు కట్టించుకుని, మర్నాడే విప్పి ఎముక అతికిందా అని చూసినట్టు ఉంటుంది. వైద్యంలో కొత్త పేపర్ వస్తే నెలల్లోనే వందల మంది వాడతారు. క్యాన్సర్ మీద వచ్చే ఒక అమెరికా జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 200 దాటింది. గణితంలో ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న 'యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్' ఒక అంకె దాటదు. 1 చుట్టుపక్కల తిరిగే మంచి గణిత జర్నళ్లు బోలెడు. అంటే లెక్కల వాళ్లు పనిచేయట్లేదనా? కాదు. ఒక సిద్ధాంతాన్ని చదివి, అర్థం చేసుకుని, దాని మీద ఇంకో పేపర్ రాయాలంటేనే ఏళ్లు పడుతుంది.

2008లో ఇంటర్నేషనల్ మ్యాథమెటికల్ యూనియన్, మరో రెండు సంస్థలు కలిసి ఇచ్చిన రిపోర్టు ఇదే తేల్చింది. గణిత జర్నళ్లకు వచ్చే సైటేషన్లలో దాదాపు 90 శాతం ఆ రెండేళ్ల గడువు బయటే పడతాయట. మరి ఆ 10 శాతాన్ని చూసి మార్కులేస్తే?

మన తెలుగాయన పేపరే సాక్ష్యం

గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖలో ఎంఏ లెక్కలు చేసిన సి.ఆర్. రావు 1945లో ఒక పేపర్ రాశారు. పదకొండు పేజీలు. వేసింది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్. అందులోంచి పుట్టిందే 'క్రేమర్-రావు బౌండ్'. ఇవాళ రాడార్, సిగ్నల్ ప్రాసెసింగ్ చదివే ఈసీఈ పిల్లలకు ఈ పేరు తెలుసు. 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. పేపర్ వచ్చిన 78 ఏళ్లకు! అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పటి లెక్క అప్పుడే ఉండి ఉంటే? 1946, 1947లో వచ్చిన సైటేషన్లే ఆ బులెటిన్ ఖాతాలో పడేవి. ఆ తర్వాత ఎన్ని వేల మంది వాడుకున్నా ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో సున్నానే.

రాయలసీమకూ ఈ కథలో చోటుంది. 1906 చివర్లో అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టర్‌గా ఉన్న వి. రామస్వామి అయ్యర్ స్నేహితులకు ఉత్తరాలు రాసి మొదలుపెట్టిందే ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. రామానుజన్ మొదటి పేపర్ 1911లో వచ్చింది ఆ సొసైటీ జర్నల్‌లోనే. పేరు చూసి కాదు, లెక్క చూసి వేశారు.

అంకెలు చిన్నవి.. అందుకే ఆట సులువు

పైన చెప్పిన 0.4 జర్నల్‌నే మళ్లీ చూడండి. ఓ పది మంది మాట్లాడుకుని తలా నాలుగు సైటేషన్లు కలిపితే 40 కాస్తా 80. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ డబుల్! వైద్య జర్నల్‌లో ఆ 40 కనబడవు కూడా.

ఇది ఊహ కాదు. నాన్‌లీనియర్ సైన్సెస్ మీద వచ్చే ఒక అంతర్జాతీయ జర్నల్ 2006 నుంచి 2009 వరకు వరుసగా అప్లయిడ్ మ్యాథ్స్‌లో నంబర్ వన్. ఎవరా సైటేషన్లు ఇస్తున్నారని డగ్లస్ ఆర్నాల్డ్, క్రిస్టీన్ ఫౌలర్ తవ్వితే.. ముందు వరుసలో ఆ జర్నల్ ఎడిటర్లే! 2011లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఇది బయటపెట్టారు. ఆస్ట్రేలియాలో నిపుణులు అదే జర్నల్‌కు ఇచ్చిన గ్రేడ్ 'బి'.

2023లో క్లారివేట్ కంపెనీయే చేతులెత్తేసింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ప్రకటించేది ఆ కంపెనీనే. ఏటా ఇచ్చే 'అత్యధిక సైటేషన్ల పరిశోధకుల' జాబితా నుంచి గణితాన్ని తీసేసింది. ఫీల్డ్ చిన్నది, కొద్దిపాటి తారుమారుకే ర్యాంకులు తలకిందులవుతున్నాయన్నది కారణం. కొలబద్ద అమ్మేవాడే 'లెక్కలకు ఇది పనికిరావట్లేదు' అంటే మన కాలేజీ కమిటీలు వినకపోవడం విడ్డూరమే.

మన దగ్గర ఇప్పుడేంటి?

యూజీసీ 2025 ఫిబ్రవరిలో తన 'కేర్' జర్నళ్ల జాబితాను ఆపేసింది. ఏది మంచి జర్నలో కాలేజీలే చూసుకోవాలంది. వినడానికి బాగుంది. కానీ ఓ ఇంజినీరింగ్ కాలేజీ కమిటీలో టోపాలజీ పేపర్ చదివి చెప్పగలిగే వాళ్లు ఎంత మంది? చదవలేనప్పుడు చేతికందేది మళ్లీ ఆ అంకే. మరోవైపు ఎన్‌ఐఆర్ఎఫ్ 2025 నుంచి వెనక్కి తీసుకున్న పేపర్లకు మార్కుల కోత పెట్టింది. డబ్బు కట్టి వేయించుకున్న పేపర్ రేపు రిట్రాక్ట్ అయితే కాలేజీకే దెబ్బ.

అంకె కావాల్సిందే అంటే కాస్త నయమైనవి లేకపోలేదు. అమెరికన్ సొసైటీ మ్యాథ్‌సైనెట్‌లో ఐదేళ్ల పేపర్లను చూసే 'ఎంసీక్యూ' లెక్క ఉంది. గణిత జర్నల్‌ను గణిత జర్నళ్లతోనే పోల్చొచ్చు. అన్నిటికంటే తేలికైంది ఇంకోటుంది.. పేపర్‌ను తిరుపతిలోనే ఉన్న ఎస్వీ యూనివర్సిటీకో, ఐఐటీకో, ఐసర్‌కో పంపి, ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరితో చదివించడం. పుత్తూరు నుంచి గంట ప్రయాణం. ప్రమోషన్ ఫారంలో ఆ ఇద్దరి అభిప్రాయానికి మాత్రం ఇంకా కాలమ్ లేదు.