పాత కెమేరాలను వాడవలయునా?

పాత వస్తువులను సేకరించుట మంచి యలవాటు. కొందరు నాణెములను, కొందరు తపాలా బిళ్ళలను, మఱికొందరు పాత కెమేరాలను కూర్తురు. నాణెము పెట్టెలో నూరేండ్లున్నను నాణెమే. కెమేరా యట్లు కాదు, అది పనిముట్టు. గాజు బీరువాలో నుంచి తాళము వేసినచో అది భద్రముగా నున్నదని మన మనుకొందుము. కాని లోలోపల అది చెడిపోవుచునే యుండును. కావున అప్పుడప్పుడు ఫిల్ము వేసి ఫొటోలు తీయుటయే పాత కెమేరాను రక్షించు సరియైన మార్గమని నా యభిప్రాయము.

ఈ మాట రేంజ్‌ఫైండరు కెమేరాల విషయమున మఱింత నిజము. రేంజ్‌ఫైండ రనగా దూరమును కొలుచు సాధనము. మీ చూపుడువ్రేలిని ముక్కున కెదురుగా నిలిపి, ఒక కన్ను తరువాత నొక కన్ను మూసి చూడుడు. వ్రేలు అటునిటు జరిగినట్లు తోచును. వ్రేలు దగ్గఱకు వచ్చినకొలది ఆ జరుగుట హెచ్చగును. ఈ కెమేరాకును రెండు కన్నులవంటి కిటికీలు కలవు. వానినుండి వచ్చు రెండు రూపములు ఒకదాని ప్రక్క నొకటి కనబడును. కటకము చుట్టునున్న వలయమును త్రిప్పగా అవి రెండును ఒక్కటగును. అప్పుడే బొమ్మ స్పష్టముగా పడును. మీరు గణితములో చదువుకొను త్రిభుజమే ఇచ్చట పనిచేయుచున్నది.

జర్మనీలోని వెట్‌జ్లార్ నగరమున ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమేరా 1925లో అమ్మకమునకు వచ్చెను. 1932 నాటి రెండవ లైకాలో రేంజ్‌ఫైండరును కటకముతో జతపఱచిరి. సోవియట్ యూక్రెయిన్‌లోని ఖార్కొవ్ నగరమున, దిక్కులేని పిల్లల కొఱకు నెలకొల్పిన శ్రమ కమ్యూనులో, 1934 నుండి లైకాను పోలిన ఫెడ్ కెమేరాలు తయారయ్యెను. మీకంటె కొంచెము పెద్దవారైన పిల్లలే వానిని చేసిరి! ఫ్రాన్సు దేశీయుడగు హెన్రీ కార్టియే బ్రెస్సాన్ 1948లో గాంధీజీ అంత్యయాత్రను చిత్రించినది లైకాతోనే. ఈ యంత్రములు ప్రపంచమును చూచుటకు పుట్టినవి. బీరువాలో కూర్చుండుటకు పుట్టినవి కావు.

మన కృష్ణా డెల్టాలో ఈ విషయమును మఱింత గట్టిగా చెప్పవలసి యున్నది. పామర్రు చుట్టును కాలువలు, వరిచేలు. వానకాలమంతయు గాలిలో తేమ. చీకటి పెట్టెలో, తోలుసంచిలో మూసియుంచిన కటకముపై బూజు సాలెగూటివలె ప్రాకును. అది ముదిరినచో గాజు పైపూతనే తినివేయును. షట్టరులోని నూనె జిగురగును, గుడ్డతెర బిగిసిపోవును. గాలి, వెలుతురు, నెలకొకసారి కదలిక — ఇవియే దీనికి మందు. దాచునప్పుడు తేమను పీల్చు సిలికా గుళికల నుంచుట మంచిది. ఎండలో కటకమును సూర్యునివైపు త్రిప్పి ఉంచరాదు. భూతద్దము కాగితమును కాల్చినట్లే అది గుడ్డతెరను కాల్చి రంధ్రము చేయును.

పరీక్షించుట కష్టము కాదు. ముందుగా ఫిల్ము లేకుండ షట్టరు నొక్కి, అన్ని వేగములును పలుకుచున్నవో లేదో వినవలెను. పిమ్మట చేలకావల చాల దూరముననున్న తాటిచెట్టును చూడవలెను. వలయమును చివరివఱకు త్రిప్పినపుడు రెండు చెట్లు ఒక్కటైనచో కొలత సరిగానున్నట్లు. ఆపై ఒక ఫిల్ము చుట్ట వేయవలెను. మంచి యెండలో 100 అంకె గల ఫిల్మునకు, కటకపు రంధ్రమును 16 వద్ద నుంచి, సెకనులో 125వ వంతు వెలుతురు చాలును. ప్రతి ఫొటోకును అంకెలను పుస్తకములో వ్రాసికొన్నచో తప్పెచ్చట జరిగినదో తెలియును.

వాడినచో అరుగునని, విలువ తగ్గునని కొంద రందురు. మిక్కిలి అరుదైన వానిని ప్రదర్శనశాలలో నుంచుట న్యాయమే. కాని వేలకొలది తయారైన సామాన్యపు కెమేరాలకు ఆ గౌరవము శిక్షయే యగును. సెల్‌ఫోను ఉండగా ఇది యెందుకని మఱికొంద రడుగుదురు. సెల్‌ఫోను మంచి సాధనమే. ఫిల్ము ఖరీదైనది కూడ నిజమే. ఏడాదికి ఒకటి రెండు చుట్టలు చాలును. ఒక చుట్టలో ముప్పదియారు బొమ్మలే యుండుటచేత ప్రతి బొమ్మకు ముందును మనము ఆలోచింతుము. మూత తీయుట మఱచినను కిటికీలో దృశ్యము చక్కగా కనబడును; ఫిల్ముపై మాత్ర మేమియు పడదు. ఇట్టి యంత్రము మనకు జాగరూకతను నేర్పును. దీనిలో అద్దము లేచిపడు చప్పుడు లేదు. కావున పామర్రుకు చేరువనున్న కూచిపూడిలో నాట్యము జరుగునప్పుడును ఎవరికిని అడ్డుగాక ఫొటో తీయవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన కారణ మొకటి కలదు. ఈ కెమేరాను విప్పి, తుడిచి, మరల కూర్చుట చేతిపని. వాడువారుండినంత కాలమే బాగుచేయువారుందురు. వాడుక ఆగినచో ఆ చేతిపనియు ఆగును. అది యొకసారి పోయినచో ఏ పుస్తకమును దానిని తిరిగి తెచ్చి యీయజాలదు. మీ యింటి పెట్టెలో తాతగారి కెమేరా యున్నచో దానిని పాతసామానులవానికి తూచి యీయకుడు. అలంకారముగా గోడకును తగిలింపకుడు. పెద్దల యనుమతితో బయటికి తీసి, తుడిచి, ఒక ఫిల్ము వేయుడు. వస్తువును కాపాడుట యనగా దాని పనిని కాపాడుటయే.