పాత తేదీ వేసెయ్ బాబూ!

మొన్న అవనిగడ్డ వెళ్తే అమ్మమ్మ బీపీ బిళ్లల స్ట్రిప్పు నా చేతిలో పెట్టి, "ఇది మంచిదేనంటావా? నువ్వు మందుల కంపెనీలకే కదరా పనిచేసేది" అంది. నేను మందులు తయారుచేయను. ఆ కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి, సరిగ్గా పనిచేస్తోందని రికార్డు రాసిపెడతాను. దాన్నే వ్యాలిడేషన్ అంటారు.

"కంప్యూటర్ ముందు కూర్చుంటే బిళ్ల సంగతి ఎలా తెలుస్తుందిరా?"

మంచి ప్రశ్నే. ల్యాబ్‌లో టెస్ట్ చేయాలంటే బిళ్లని పొడి చేసి కరిగించాలి. అంటే టెస్ట్ చేసిన బిళ్లని ఎవరూ మింగరు, మనం మింగే బిళ్లని అలా ఎవరూ టెస్ట్ చేయలేదు. మధ్యలో ఉన్నది రికార్డు ఒక్కటే. ఎవరు చేశారు? చదవగలమా? అప్పుడే రాశారా? ఒరిజినలేనా? నిజమేనా? ఫార్మా వాళ్లు 'ఆల్కోవా' అనేది ఈ ఐదు ప్రశ్నల్నే.

2017లో దివీస్ విశాఖ యూనిట్‌కి అమెరికా ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ ఇచ్చింది. అందులో ఒక అభ్యంతరం ఏంటో తెలుసా? ఒక సాఫ్ట్‌వేర్ సెట్టింగ్! మలినాల్ని పట్టుకునే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ గ్రాఫులో కొంత భాగాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే ఆప్షన్ అది. శాస్త్రీయ కారణం చూపకుండా దాన్ని విపరీతంగా వాడారన్నది ఎఫ్‌డీఏ మాట. అప్పటికే మార్చిలో దిగుమతులపై ఆంక్షలు పడ్డాయి. కంపెనీ సరిదిద్దుకున్నాక ఏడాది చివరికి తొలగే దారి పట్టాయి.

'ఇంత చిన్నదానికా?' అనిపిస్తుంది. నాకూ అనిపించేది. మొదటి ఉద్యోగంలో, సోమవారం ఆడిట్ అనగా శుక్రవారం రాత్రి చూసుకుంటే ఒక టెస్ట్ కాగితం మీద నా సంతకం లేదు. "పాత తేదీ వేసెయ్ బాబూ, టెస్ట్ చేశావు కదా" అన్నారు మా లీడ్. నిజమే, చేశాను. వేసేశాను. ఎవరూ పట్టుకోలేదు. అసలు ప్రమాదం అదే. రెండు నెలల తర్వాత, చేయని టెస్ట్ దగ్గర కూడా పెన్ను దానంతటదే కదిలింది. భయమేసి ఆగిపోయాను.

చేయాల్సింది చాలా సింపుల్. ఇవాళ్టి తేదీ వేసి, ఎందుకు ఆలస్యమైందో రాసి, సంతకం పెట్టాలి. ఆడిటర్ ఒక ప్రశ్న అడుగుతాడు, కాస్త పరువు పోతుంది. అంతే.

2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మందులపై బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి. అమ్మమ్మ మందు మీదా ఉంది. స్కాన్ చేసి తయారీదారు పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ చూపించాను. మీరూ ఇంట్లో ఒకసారి చేసి చూడండి.

అమ్మమ్మ ఫోన్‌లోకి తొంగిచూసి, "ఇవన్నీ రాసినోళ్లు నిజమే రాశారంటావా?" అంది.

దానికి క్యూఆర్ కోడ్‌లో జవాబు లేదు. "నేనైతే ఇప్పుడు నిజమే రాస్తున్నా అమ్మమ్మా" అన్నాను. ఆ 'ఇప్పుడు' అన్న మాటని ఆవిడ పట్టించుకోలేదు. నాకు మాత్రం గుచ్చుకుంది.