గాజులు ఎవరివి? జూదం ఎవరిది?

1999లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంటానని నేను అడిగితే, "నీ పెళ్ళికి దాచిన బంగారం ముట్టుకోకూడదు" అంది అమ్మ. మరుసటి ఏడాది అదే బంగారం, నాలుగు గాజులు, తమ్ముడి కంప్యూటర్ కోర్సు కోసం తాకట్టుకి వెళ్ళింది. నన్నెవరూ అడగలేదు. ఆ గాజులు మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆనాటి గాలి అలాంటిది. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యింది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తప్పుతాయన్న భయంతో వాటిని సరిదిద్దే మనుషుల కోసం అమెరికా కంపెనీలు వెతికాయి. అమీర్‌పేట మేడల మీద కోబాల్ బోర్డులు, జావా బోర్డులు వెలిశాయి. పెళ్ళిళ్ళ బజారులో సాఫ్ట్‌వేర్ వరుడి రేటు పెరిగింది. చదువు, వీసా, కట్నం ఒకే తాడుకి ముడిపడ్డాయి.

ఆ తాడు తెగడానికి ఎంతో కాలం పట్టలేదు. 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసిన నాస్‌డాక్ సూచీ 2002 అక్టోబరు 9 నాటికి 1,114కి పడిపోయింది. హెచ్-1బి వీసాల పరిమితిని అమెరికా ఏడాదికి 1,95,000కి పెంచింది సరిగ్గా ఈ పతనం మధ్యనే. తలుపు బార్లా తెరిచేటప్పటికి లోపల పనే లేదు. వెళ్ళినవాళ్ళలో ఎందరో 'బెంచి' మీద కూర్చున్నారు. ఉద్యోగం పోతే వీసాకీ ముప్పే. వెంట వెళ్ళిన భార్య ఎంత చదువుకున్నా ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. 2015లో గాని కొందరికైనా ఆ అనుమతి రాలేదు.

మా తమ్ముడు అంత దూరం కూడా వెళ్ళలేదు. కోర్సు పూర్తయ్యేలోగా ఆ సంస్థకు తాళం పడింది. మూడేళ్ళు ఖాళీగా ఉన్నాడు. ఆ నష్టాన్ని వాడి పెళ్ళిలో రాబట్టుకోవాలన్న మాట మా ఇంట్లోనే వచ్చింది. నేను అడ్డం పడ్డాను, నా మాట చెల్లలేదు. నా గాజులు మింగిన బజారు అప్పును, ఇంకో ఇంటి ఆడపిల్ల పుట్టింటివాళ్ళు తీర్చారు.

పండితులు దీన్ని 'మార్కెట్ దిద్దుబాటు' అంటారు. ఆ దిద్దుబాటు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? షేర్ల లెక్కలు పత్రికల్లో వచ్చాయి. తాకట్టులో మునిగిన పుస్తెలతాళ్ళ లెక్క ఎవరు రాశారు?

కంప్యూటర్ల వల్ల వేలమంది ఆడపిల్లలు తమ కాళ్ళ మీద నిలబడ్డారని మీరనవచ్చు. నిజమే, నేను కాదనను. నా గొడవ ఆ పనితో కాదు. పందెం వేసేది ఒకరు, పందెంలో ఒడ్డేది ఇంకొకరి సొమ్ము కావడంతో. గెలిస్తే అది కొడుకు ప్రతిభ. ఓడితే తల్లి త్యాగం.

ఇది పాతకథ అని కొట్టిపారేయకండి. 2021లో ఐటీ నియామకాల జోరు చూశాం, 2022, 2023లలో తొలగింపులు చూశాం. బోర్డు మీద పేరు మారుతుంది, తాకట్టు కొట్టు మారదు. పొదుపు సంఘంలో అక్క తీసుకున్న అప్పు ఏ అబ్బాయి ఫీజుగా మారిందో మన కార్యకర్తలం ఎప్పుడైనా అడిగామా? వాయిదాలు కట్టిందా లేదా అనే కదా అడిగాం!

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పెళ్ళికి ముందు గాని, తర్వాత గాని స్త్రీకి కానుకగా వచ్చిన సొత్తుకి ఆమే పూర్తి హక్కుదారు. 1961 కట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, కట్నం ఎవరి చేతికి అందినా దాన్ని ఆమెకు అప్పగించి తీరాలి. ఈ రెండు మాటలూ ప్రతి సంఘం సమావేశంలోనూ చెబుదాం. బంగారం బీరువా దాటేముందే అడుగుదాం: ఇది ఎవరిది? ఆమె ఒప్పుకుందా? అప్పుగా ఇస్తోందా? అయితే కాగితం ఏది?

కాగితం అడిగితే ప్రేమ లేదంటారు. అననివ్వండి. మా అమ్మ ప్రేమతోనే ఇచ్చింది. వడ్డీ వ్యాపారి మాత్రం కాగితం రాయించుకున్నాడు.