పని ఇచ్చాం, హక్కు ఇవ్వలేదు

రాయదుర్గం మెట్రో చుట్టూ ఉన్న ఆఫీసుల్లో ఎవరైనా ఉద్యోగం మానేస్తుంటే కేటీ, అంటే తన పని తర్వాతివాళ్లకు నేర్పి అప్పగించడం, ఇవ్వందే కదలనివ్వరు. ఎంత సీనియర్ రాసిన కోడైనా ఇంకొకరు రివ్యూ చేయందే లైవ్‌లోకి వెళ్లదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరు లేవాలో, వాళ్లు ఫోనెత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలో ముందే రాసి ఉంటుంది. వారమంతా మేం చేసే పని ఇదే. శనివారం తెలుగు సాఫ్ట్‌వేర్ కోసం మా సంఘంలో స్వచ్ఛందంగా కూర్చున్నప్పుడు మాత్రం ఇందులో ఒక్కటీ పాటించలేదు. "ఇదేమన్నా ఆఫీసా?" అనుకున్నాం. తెలియక చేసిన తప్పయితే కొంత నయం. తెలిసే చేశాం. ఒక ఉదాహరణ చూడండి.

"సాఫ్ట్‌వేర్" అన్న మాట సరిగ్గా కనిపించాలంటే ట్ తర్వాత కంటికి కనిపించని గుర్తొకటి ఉండాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే వ కాస్తా ముందున్న అక్షరాలకు వత్తయి కూర్చుంటుంది. ఆ గుర్తు కొందరు పెడతారు, కొందరు పెట్టరు. దాంతో ఒకరు రాసింది ఇంకొకరు వెతికితే దొరకదు. ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఈ చిక్కు విప్పి, టెస్టులతో సహా పుల్ రిక్వెస్ట్ (పీఆర్) పంపింది. సరిగ్గా అప్పుడే మాలో ఇద్దరు పెద్దలకు దీనిమీదే పేచీ. నిల్వ ఉన్న పాఠంలోంచే ఆ గుర్తు తీసేయాలని ఒకరు, పాఠం జోలికి పోకుండా వెతికేటప్పుడు వదిలేస్తే చాలని మరొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఒక గంట ఎదురెదురుగా కూర్చోబెడితే తేలిపోయేది. ఎవరు నొచ్చుకుంటారోనన్న మొహమాటంతో కూర్చోబెట్టలేదు. "అన్నా, నా పీఆర్ చూశారా?" అని ఆ అమ్మాయి అడిగినప్పుడల్లా "చూస్తాంరా" అన్నాం. కొన్నాళ్లకు అన్నా పోయి సర్ వచ్చింది. తర్వాత సెమిస్టర్ పరీక్షలంది. ఆల్ ది బెస్ట్ చెప్పాం. ఇక రాదని అందరికీ తెలుసు.

తెలుగు వికీపీడియాలో వాదాలు తక్కువేం కాదు. కానీ అక్కడ రచ్చబండ ఉంది, ప్రతి వ్యాసానికీ చర్చ పేజీ ఉంది. ఎవరేమన్నారో సంతకంతో, తేదీతో నిలిచి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లూ చదువుకోవచ్చు. మా పేచీలన్నీ ఫోన్లలో, టీ కొట్టు దగ్గర నడిచాయి. మాలో గొడవల్లేవని గర్వంగా చెప్పుకున్నాం కూడా. ఆ పెద్దలిద్దరూ ఇప్పుడు సంఘంలో లేరు.

ఇక పనుల పంపకం. కొత్తవాళ్లకు పోస్టర్లు, హాలు మాట్లాడటం, సమోసాలు తేవడం అప్పగించాం. మార్పులను కోడ్‌లో కలిపే మర్జ్ హక్కు మాత్రం సంఘం మొదలుపెట్టిన కొందరి దగ్గరే ఉంచుకున్నాం. వాళ్లలో నేనూ ఉన్నాను. మా సైటు డొమైన్ ఒకరి సొంత మెయిల్ మీద ఉంది, ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది. ఆయన డల్లాస్ వెళ్లాక రెన్యువల్ గడువు దాటి సైటు ఆగిపోయింది. అప్పుడూ ఆయన్నే బతిమాలాం తప్ప ఆ ఏర్పాటు మార్చలేదు. కొత్తవాళ్లు కోడ్ చెడగొడతారని భయమనేవాళ్లం. గిట్‌లో ఏ మార్పునైనా వెనక్కి తీసుకోవచ్చని వర్క్‌షాపుల్లో పిల్లలకు నేర్పింది మేమే.

పగ్గాలు వదిలిన ఉదాహరణ మా కళ్లముందే ఉంది. 2018 జూలైలో పైతాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్, పెప్ 572 అనే మార్పు ప్రతిపాదన మీద జరిగిన రభసతో విసిగి నాయకత్వం వదులుకున్నారు. వారసుణ్ణి ప్రకటించలేదు, ఎలా నడుపుకోవాలో తేల్చుకునే పని కోర్ డెవలపర్లకే వదిలారు. డిసెంబరులో వాళ్లు ఓటేసి ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ పద్ధతి ఎంచుకున్నారు. ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించి అందులో ఉండకూడదని నియమం పెట్టుకున్నారు. అంత పెద్ద రభస తర్వాత నెలల్లోనే పగ్గాలు చేతులు మారాయి. మేం ఆ వార్త గ్రూపులో పంచుకుని మెచ్చుకున్నాం. మన రిపాజిటరీలో హక్కులు ఎవరెవరికున్నాయని ఒక్కరూ అడగలేదు.

వచ్చే శనివారం నేను అడుగుతాను. ఆ అమ్మాయి పీఆర్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. దాని కిందే, అందరికీ కనిపించేలా క్షమాపణ రాయాలి. డొమైన్ సంఘం మెయిల్‌కు మార్చాలి. కొత్తవాళ్లలో కనీసం నలుగురికి మర్జ్ హక్కులివ్వాలి. పేచీ వస్తే రెండు వారాల్లో తేల్చే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాసుకోవాలి. ఏడాదిగా ఒక్క రివ్యూ కూడా చేయని పాతవాళ్ల హక్కులు తీసేయాలి, నావాటితో మొదలుపెట్టి.