నల్లబొచ్చుకు సూది కావాలి

బడులు తెరిచే జూన్ నెలలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ స్టేషనరీ దుకాణాల ముందు రంగురంగుల ఫెల్ట్ షీట్లు వేలాడుతుంటాయి. పిల్లలు వాటిని పూలుగా, ఏనుగు చెవులుగా కత్తిరించి ప్రాజెక్టు పనికి అతికిస్తారు. చేతిపని మీద ఇష్టమున్న ఆడవాళ్లు ద్వారబంధాలకు తోరణాలు, సెల్‌ఫోన్ సంచులు, రాఖీలు కుడతారు. చేత్తో తడిమితే ఉన్నిలాగే ఉంటుంది కానీ చాలావాటిలో ఉన్ని పోగు ఒక్కటీ ఉండదు. అది పాలిస్టర్, లేదంటే అక్రిలిక్. అంటే ప్లాస్టిక్.

ఈ ప్లాస్టిక్ షీట్లు కొంటున్నది గొర్రెల్లో దేశానికే మొదటిదైన రాష్ట్రంలో. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు దాదాపు 1 కోటి 90 లక్షలు. ఉమ్మడి నల్గొండలో గొల్ల, కురుమల మంద లేని ఊరు అరుదు. మంద ఉన్నచోట ఉన్ని లేకపోవడం, ఉన్నా దాన్ని అడిగేవాళ్లు లేకపోవడం ఒక్కరోజులో జరిగింది కాదు. దాన్ని సరిచేయడానికి కావలసిన చేతులు మాత్రం ఇప్పటికీ ఈ మూడు పట్టణాల చుట్టూనే ఉన్నాయి.

ముందు ఫెల్ట్ సంగతి. గొర్రె ఉన్ని పోగు పైకి నున్నగా కనిపించినా దాని ఒంటినిండా చేప పొలుసుల్లాంటి సన్నని రేకులుంటాయి. వేడినీళ్లు, సబ్బు తగిలితే ఆ రేకులు విచ్చుకుంటాయి. ఆ తడిమీద రుద్దితే, నొక్కితే, చాపలో చుట్టి దొర్లిస్తే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుస్తాయి. ఒకసారి బిగిశాక మళ్లీ విడిపోవు. ఉన్ని స్వెటర్‌ను తెలియక వేడినీళ్లలో ఉతికి, అది పసిపిల్లల సైజుకు ముడుచుకుపోగా చూసినవాళ్లకు ఈ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. నేత లేదు, అల్లిక లేదు, మగ్గం అక్కర్లేదు. ఉన్నిని పొరలు పొరలుగా పరిచి, ఒక పొర నిలువుగా, దానిమీది పొర అడ్డంగా వేసి, ఓపిగ్గా రుద్దడమే పని.

సూదిపని చేసేవాళ్లకు ఇంత అనుకూలమైన గుడ్డ మరొకటి లేదు. పడుగు పేక లేవు కాబట్టి ఎక్కడ కత్తిరించినా పోగులు ఊడవు. అంచు మడిచి కుట్టే శ్రమ తప్పుతుంది. దారం గట్టిగా లాగినా ముడతలు పడదు. ఇది కొత్త తెలివీ కాదు. దక్షిణ సైబీరియాలోని అల్తాయ్ కొండల్లో, పజిరిక్ లోయ సమాధుల్లో, మంచు కాపాడి ఉంచిన జీను కప్పులు, గోడ తెరలు, ఫెల్ట్‌తో కుట్టి లోపల కూరిన హంస బొమ్మలు దొరికాయి. వాటి వయసు సుమారు 2,400 ఏళ్లు. రంగు ఫెల్ట్ ముక్కల్ని ఆకారాలుగా కోసి మరో ఫెల్ట్ మీద కుట్టే పద్ధతి అప్పటికే బాగా పండినట్టు కనిపిస్తుంది.

తెలుగునేల ఉన్నితో ఫెల్ట్ కన్నా గొంగడే ఎక్కువ చేసింది. దక్కని గొర్రె ఉన్నిని కత్తిరించి, విల్లుతో ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడికితే, మగవాళ్లు గుంత మగ్గం మీద నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పెట్టేవారు. అలా తయారైన గొంగడి కాపరికి వానలో గొడుగు, చలిలో దుప్పటి, ఎండలో నీడ. రాత్రి మంద దగ్గర పరుపూ అదే. కురుమల పెళ్లిలోనూ బీరప్ప కొలుపులోనూ గొంగడి పరవనిదే పని మొదలుకాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో, 1946 జులై 4న కడివెండిలో దొర మనుషుల తూటాకు బలైన దొడ్డి కొమరయ్యది కురుమల ఇల్లే. కడివెండి అప్పట్లో నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాతి కాలంలో ప్రజాగాయకుడు గద్దర్ భుజాన కనిపించిన గొంగడి తెలంగాణ పాటకే గుర్తయిపోయింది. ఇంత గౌరవం దక్కిన వస్తువు తయారీ మాత్రం మగ్గం తర్వాత మగ్గం ఆగిపోయింది.

ఎందుకు ఆగింది? ఒక కారణం నీళ్లు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలను తడుపుకుంటూ ఖమ్మం వైపు సాగుతుంది. 1967 నుంచి ఆ నీళ్లతో వరి విస్తరించింది. మిర్యాలగూడ రైసు మిల్లుల పట్టణమైంది. అది మంచే చేసింది. కానీ వరి కిందికి వెళ్లిన బీళ్లు గొర్రెకు మేత బీళ్లుగా మిగల్లేదు. రెండో కారణం మాంసం ధర. ఉన్నికి బేరం పడిపోయి మాంసానికి పెరిగినప్పుడు కాపరి నెల్లూరు జాతి పొట్టేలును మందలోకి తెచ్చుకోవడం సహజం. పల్ల, జోడిపి, డోర అని పిలుచుకునే నెల్లూరు గొర్రెలు ఎత్తుగా, బలంగా ఎదుగుతాయి. వాటి ఒంటిమీద వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. ఒకటి రెండు తరాల కలయికతో మంద రూపమే మారిపోతుంది. 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో మొదలైన గొర్రెల పంపిణీ పథకం 20 గొర్లు, 1 పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చింది. మాంసమే దాని గురి. ఉన్ని మాటే లేదు. మూడోది కత్తిరింపు కూలి. కాపరి ఉన్ని అమ్మి కూలి ఇచ్చే రోజులు పోయి, ఉన్ని ఊరికే ఇచ్చేసి పైగా చేతి డబ్బు పెట్టుకునే రోజులు వచ్చాయి. ఆ లెక్కలో నల్లబొచ్చు దక్కని గొర్రెను పెంచమని ఏ కాపరినీ అడగలేం.

కాబట్టి ఉన్నికి ధర పెరిగే దారి వెతకాలి. గొంగడి ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే ఆ ధర పెరగదు. గొంగడి నేయడానికి రోజులు పడతాయి, వడకగల చేతులు తగ్గాయి, చవక మిల్లు దుప్పటితో అది పోటీపడలేదు. వడకాల్సిన పని, నేయాల్సిన పని లేని ఫెల్ట్‌ను ఇక్కడ గంభీరంగా ఆలోచించాలి. దాని మీద కుట్టుపనిని మరీ గంభీరంగా ఆలోచించాలి.

ఆ కుట్టు ఎవరిది? చివ్వెంల, పెన్‌పహాడ్, మఠంపల్లి, పాలకవీడు, దామరచర్ల, అడవిదేవులపల్లి మండలాల తండాలకు వెళ్తే జవాబు దొరుకుతుంది. లంబాడీ ముసలమ్మల ఫేటియా, కాంచళి, టుక్రి మీద అద్దాలు, గవ్వలు, పూసలు, నాణేలు పొదిగిన పని ఈ జిల్లాల్లోకెల్లా గొప్ప సూదిపని. ఈ తరం ఆడపిల్లలు చీరలకు, పంజాబీ డ్రెస్సులకు మారారు. పాత బట్టలు పెట్టెల్లో ఉన్నాయి, కొన్ని ఊరూరా తిరిగి పాతవి కొనే వ్యాపారుల చేతికి వెళ్లి ఎక్కడో కుషన్ కవర్లుగా మారుతున్నాయి. కుట్టిన మనిషి పేరు ఆ కవర్ మీద ఉండదు. పొరుగున కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపీలో జరిగిన జీ20 సమావేశాల సమయంలో 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 వస్తువుల్ని ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. అక్కడి ఆడవాళ్లకున్న చెయ్యే ఇక్కడి తండాల్లోనూ ఉంది. ఆ చేతికి పని ఇచ్చే ఏర్పాటు మాత్రం ఇక్కడ లేదు.

ఆ ఏర్పాటు ఎలా పుడుతుందో గుజరాత్‌లోని కచ్ చెబుతుంది. 1969లో కరువు పీడించినప్పుడు ధనేటీ అనే ఊరికి వెళ్లిన చందాబెన్ ష్రాఫ్ అక్కడి ఆడవాళ్లకు దానం కాకుండా కుట్టుపని ఇచ్చారు. అదే శ్రుజన్ సంస్థగా మారింది. తల్లి కూతురి కోసం వేసే కుట్టే జీతం తెచ్చే పని అయింది. అదే కచ్‌లో రబారీ పశుకాపరుల ఆడవాళ్లు నల్లటి ఉన్ని ముసుగుల మీద అద్దాల కుట్టు వేసుకుంటారు. కాపరి ఉన్ని, కాపరి ఇంటి సూది ఒకే గుడ్డలో కలవడమంటే అది. మన దగ్గర ఉన్ని కురుమల ఇంట, సూది లంబాడీల ఇంట ఉన్నాయి. రెండు ఇళ్లూ చాలా ఊళ్లలో ఒకే పంచాయతీలో ఉంటాయి.

కిర్గిజ్‌స్తాన్ ఆడవాళ్ల పద్ధతి ఇక్కడి ఉన్నికి ఇంకా బాగా అతుకుతుంది. షిర్దాక్ అనే తివాచీ కోసం వాళ్లు రెండు రంగుల ఫెల్ట్‌లు ఒకదానిమీద ఒకటి పెట్టి, రెంటినీ కలిపి ఒకే నమూనాలో కోస్తారు. నల్లదాంట్లోంచి తీసిన పువ్వు తెల్లదాంట్లో, తెల్ల పువ్వు నల్లదాంట్లో అమరుతుంది. అతుకు మీద దారపు తాడు వేసి కుట్టి, కింద మరో దళసరి ఫెల్ట్ పెట్టి అంతటా కుట్లు వేస్తారు. ముక్క వృథా కాదు. యునెస్కో 2012లో ఈ కళను అత్యవసరంగా కాపాడుకోవలసిన వాటి జాబితాలో చేర్చింది. దక్కని గొర్రెల్లో నలుపు, తెలుపు, గోధుమ రంగులు పుట్టుకతోనే ఉన్నాయి. అద్దకం ఖర్చు లేకుండా, అద్దకపు నీళ్లు కాలువలో కలవకుండా ఈ పని జరుగుతుంది. నల్ల ఫెల్ట్ మీద ఎర్రదారం, అద్దం ఎంత వెలుగుతాయో తండా ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఒక నిజం దాచకూడదు. దక్కని ఉన్ని ముతక. మెరినో పోగుతో పోలిస్తే దాదాపు రెట్టింపు మందం, పైగా లోపల బోలుగా ఉండే పోగులు ఎక్కువ. అలాంటి పోగు మెరినో అంత తేలిగ్గా బిగుసుకోదు, ఒంటికి గుచ్చుకుంటుంది. దీంతో మెడ చుట్టుకునే స్కార్ఫులు చేస్తామంటే మొదటి కొనుగోలుదారుతోనే వ్యాపారం ముగుస్తుంది. దేశంలో వచ్చే ఉన్నిలో సుమారు 85 శాతం తివాచీ రకమే, బట్టలకు పనికొచ్చేది 5 శాతమే. కాబట్టి ఆ ఉన్నికి తగిన వస్తువులే చేయాలి. కూర్చునే ఆసనాలు, ల్యాప్‌టాప్ సంచులు, గోడ తెరలు, చెప్పుల లోపలి పొరలు, వేడి గిన్నె కింద పెట్టే చక్రాలు, పిల్లల బొమ్మలు. పాత గొంగళ్లను గంజి పోయేదాకా నానబెట్టి, వేడినీళ్లలో ఉతికి బిగిస్తే దళసరి గుడ్డ వస్తుంది, దాన్ని కోసి కుట్టొచ్చు. చిరిగిన గొంగడికి దబ్బనంతో కుట్లేసుకోవడం తరాలుగా కాపరికి అలవాటే. పూర్తి ఫెల్ట్‌కు కొంత మెత్తటి ఉన్ని కలపాలి. హైదరాబాద్‌లోని ఎర్తెన్ ట్యూన్స్ సంస్థ ఈ ముతక ఉన్ని బట్టనే రైతుల పాదరక్షలకు వాడింది. ముతకదనాన్ని లోపంగా కాకుండా గట్టిదనంగా చూసినందుకే అది సాధ్యమైంది.

ఇంత ఎండల్లో ఉన్ని ఎవరికి కావాలని అడిగేవాళ్లున్నారు. మే నెలలో సూర్యాపేట బయట మంద వెనక నడిచే కాపరి నెత్తిన గొంగడి మడిచి వేసుకుని ఉంటాడు. ఉన్ని వేడిని లోపలికీ బయటికీ త్వరగా పోనివ్వదని ఆయనకు అనుభవంతో తెలుసు. పైన చెప్పిన వస్తువుల్లో చలికాలం కోసమే అనదగ్గది ఒక్కటీ లేదు.

డబ్బు, సంస్థలు లేవనే వాదన కూడా నిలవదు. కేంద్ర జౌళి శాఖ సమీకృత ఉన్ని అభివృద్ధి కార్యక్రమానికి 2021-26 మధ్య 126 కోట్ల రూపాయలు కేటాయించింది. జోధ్‌పూర్‌లో కేంద్ర ఉన్ని అభివృద్ధి మండలి, రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962 నుంచి కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ఉన్నాయి. ఆ అవికానగర్ ఉన్న టోంక్ జిల్లా నమదాలకు, అంటే ఫెల్ట్ పరుపులకు, పేరుపడింది. కశ్మీర్‌లో కుట్టుపని చేసిన నమదాలు దాదాపు కనుమరుగైన దశలో 2021లో ఆరు జిల్లాల్లో శిక్షణ మొదలుపెడితే, 2023లో మొదటి సరుకు బ్రిటన్‌కు వెళ్లింది. తెలంగాణ నుంచి ఒక బృందం టోంక్‌కు వెళ్లి నేర్చుకురావడానికి రైలు టికెట్ల కన్నా పెద్ద అడ్డంకి ఏముంది?

రాష్ట్రంలో మహిళా సంఘాలకు ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పని ఇచ్చి, కుట్టుమిషన్లు ఇచ్చి, ఇందిరా మహిళా శక్తి పేరుతో శిల్పారామంలో బజారు కూడా పెట్టారు. ఇది మంచి పునాది. కానీ యూనిఫాం ఏడాదిలో కొన్ని వారాల పని, అందులో చేతి నైపుణ్యానికి చోటు తక్కువ. మిగతా నెలలకు ఉన్ని ఫెల్ట్ సరిపోతుంది. సంఘం కాపరి దగ్గర ఉన్ని కిలోకు ముందే ఖాయం చేసిన ధరకు కొనాలి, ఆ ధర కత్తిరింపు కూలిని మించి ఉండాలి. కుట్టే ఆడమనిషికి ముక్కకింత అని కాకుండా పట్టిన గంటలకు లెక్కకట్టి ఇవ్వాలి. వస్తువు మీద ఆమె పేరు, తండా పేరు ఉండాలి. పశుసంవర్ధక శాఖ ఊరూరా తిరిగి నల్లబొచ్చు గొర్రె ఏ మందలో ఎన్ని మిగిలాయో లెక్క తీయాలి, అలాంటి పొట్టేలును అమ్మకుండా మందలో ఉంచుకునే కాపరికి ప్రోత్సాహకం ఇవ్వాలి. ఇవి లేకుండా శిక్షణ శిబిరాలు పెడితే ధ్రువపత్రాలే మిగులుతాయి.

బడులనూ వదలొద్దు. పిల్లలకు ప్రాజెక్టు పని ఇచ్చే టీచర్లు ప్లాస్టిక్ షీటుకు బదులు గుప్పెడు ఉన్ని, సబ్బు, గిన్నెడు గోరువెచ్చని నీళ్లు ఇచ్చి చూస్తే సైన్సు పాఠం, చేతిపని పాఠం ఒకే గంటలో అయిపోతాయి. ఎనిమిదేళ్ల పిల్ల ఒక ఉన్ని బంతిని అరచేతుల మధ్య దొర్లించి చేసుకోగలదు.

సరుకు చూపించడానికి సంత కూడా దగ్గర్లోనే ఉంది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరుగుతుంది. మేడారం తర్వాత రాష్ట్రంలో పెద్ద జాతర అదేనంటారు. 2025 ఫిబ్రవరిలో జరిగింది కాబట్టి తర్వాతిది 2027లో రావాలి. లక్షల మంది గొల్ల కురుమలు కుటుంబాలతో వచ్చే ఆ గట్టు కింద తండా ఆడవాళ్లు కుట్టిన ఉన్ని సరుకుకు ఒక వరుస దుకాణాలు కేటాయించడం జిల్లా కలెక్టర్ సంతకంతో అయ్యే పని. ఆ సరుకు తయారు కావాలంటే జాతరకు ముందు కత్తిరింపుల్లోనే ఉన్ని కొనుగోలు మొదలవ్వాలి, అందుకు సంఘాల ఖాతాల్లో డబ్బు ముందే పడాలి.