తీగెలు భూమిలోనికి: వ్యయ మెవరిది? వరుస యేది?

2014 సంవత్సరము అక్టోబరు 12వ తేదీని విశాఖపట్టణవాసు లెన్నటికిని మఱవజాలరు. ఆనాడు హుద్‌హుద్ తుపాను నగరముమీదుగనే తీరమును దాటెను. చెట్లు తీగెలపై బడెను. తీగెలు స్తంభములను లాగెను. స్తంభములు వీథుల కడ్డముగ నొరగెను. గాలి తగ్గిన పిదపను దినములతరబడి దీపము లేదు. దీపము లేకుండుట యొక యెత్తు. కరెంటు లేనిదే పంపులు తిరుగవు గనుక కొళాయిలలో నీరు లేకుండుట వేఱొక యెత్తు. ఖాళీబిందెతో వీథిలో నిలిచిన గృహిణికి ఆనాడు తెలిసినంతగా విద్యుత్తు విలువ మఱెవ్వరికిని దెలియలేదని చెప్పవచ్చును.

ఆ యనుభవమునుండియే తీగెలను భూమిలో వేయవలెనను కోరిక బలపడెను. 2015లో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకమునకు 25 కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేసెను; విశాఖలో భూగర్భ కేబుళ్లు వేయుట యందొక భాగము. 2025 ఆగష్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిన పిదప ఆ నగరమునను ఇదే మాట మరల వినవచ్చెను. కోరిక న్యాయమైనదే. కాని కోరిక వేఱు, లెక్క వేఱు. ఆ లెక్కను పాఠకుల యెదుట నుంచుట మా విధి.

పైతీగె చౌక యగుటకు కారణ మేమి? గాలియే దానికి కవచము. గాలియే దానిని చల్లార్చును. ఆ గాలికి మన మొక్క కానియైన చెల్లింపము. తీగె భూమిలో దిగినతోడనే గాలి యుచితముగ జేయు పని నంతయు ధనమిచ్చి కొనవలెను. దళమైన కవచముగల కేబులు, కందకము, ఇసుక పఱపు, పైన రక్షణకై ఇటుకలు లేక పలకలు, నైపుణ్యముతో వేసిన అతుకులు, వీథికూడలులలో స్విచ్చిపెట్టెలు - ఇవి యన్నియు గావలెను. పిమ్మట త్రవ్విన రోడ్డును మరల వేయవలెను. ఇందువలననే భూగర్భమార్గమునకు పైతీగెకంటె అనేకరెట్లు వ్యయమగుచున్నది.

ఇంత వ్యయమేల యని ప్రశ్నించువారు లెక్కలో నొక పుటనే చదువుచున్నారు. తుపాను వచ్చినప్పు డెల్ల స్తంభములు మరల నాటించు వ్యయ మెవరిది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో స్తంభములను కూల్చినప్పుడు, వానలో తడియుచు వానిని నిలబెట్టిన పనివారి శ్రమకు వెల యెంత? మూతపడిన దుకాణముల నష్టమును, తీగె తెగిపడి పోయిన ప్రాణములను ఏ పద్దులో వ్రాయుదురు? బొంబాయి నగరమున బెస్టు సంస్థవారి విద్యుత్పంపిణీ భూగర్భమునందే జరుగుచున్నది. దానిని విలాసమని యెవ్వరును నిందింపరు గదా!

అట్లని, తీగె కనబడనంతనే కష్టము తీఱెనని సంతోషించువారితోను మే మేకీభవింపజాలము. పైతీగె తెగిన కంటికి గనబడును. భూమిలోని కేబులు చెడిన చోటును యంత్రముతో వెదకి, త్రవ్వి, అతుకవలెను. ఒక శాఖవారు పాతిన దానిని వేఱొక శాఖవారు నీటిగొట్టమునకై త్రవ్వుచు ఖండించుట మన పట్టణములలో వింత గాదు. ఏ వీథిలో నెంత లోతున నేమి యున్నదో తెలుపు పటము లేని నగరములో కేబులు వేయుట చీకటిలో ధనము పాతిపెట్టుటయే. పల్లపుప్రదేశములలో స్విచ్చిపెట్టెలను వఱదమట్టముకంటె నెత్తున నుంచనిచో గాలిని తప్పించుకొన్న తీగె నీటికి చిక్కును.

ఇక నసలు ప్రశ్న: ఈ వ్యయమును భరించున దెవరు? ఋణమైనను, పంపిణీసంస్థ పెట్టుబడియైనను, తుద కది పన్నుగనో కరెంటుబిల్లుగనో ప్రజలపైననే పడును. ఒక్క పంకాతో దినములు వెళ్లబుచ్చు కూలివాడును అందు భాగస్వామియే. అందఱి సొమ్ముతో జరుగు పని యందఱి యవసరమును బట్టి సాగవలెను గాని, సముద్రపుటొడ్డున షికారు చేయువారి కన్నుల పండువకై గాదు. మొదట ఆసుపత్రులకును నీటిపంపులకును పోవు మార్గములు. పిదప మేడవసారాలకు తీగెలు తగులుచున్న యిఱుకుసందులు, ఉత్సవములు సాగు వీథులు, సంతలు, గాలివాన మొదట తాకు జాలరిపేటలు. విశాలమైన రాజవీథుల యందము తుద కుండవలెను. ఈ వరుసను తలక్రిందులు చేసిన పథక మెంత గొప్పదైనను అన్యాయమే.

మఱియొక మాట. త్రవ్వుట యొకేసారి జరుగవలెను. విద్యుత్తునకు, టెలిఫోనునకు, ఇంటర్నెట్టునకు తగిన గొట్టములను ప్రక్కప్రక్కనే, వలసినంత యెడముతో నుంచినచో రోడ్డు నాల్గుమార్లు పగులదు. ఖర్చు నాల్గుమార్లు పడదు. కరెంటుతీగెను దించి, టీవీతీగెల గుత్తులకై స్తంభములను నిలిపియుంచుట పరిహాసాస్పదము.

విద్యుత్తుధరలను నిర్ణయించుటకు ముందు నియంత్రణమండలివారు పత్రికలలో ప్రకటించి, ప్రజల యాక్షేపణలను స్వీకరించి, బహిరంగముగ విచారణ జరుపుచున్నారు. ఆ విచారణలకు మన పౌరులలో పోవువా రెందఱు? పఠనమందిరములలో కూర్చుండి బిల్లు హెచ్చెనని వాదించుట సులభము. ఏ పేట ముందు, ఏ పేట వెనుక, మైలున కెంత, పట మెక్కడ నని వ్రాసి యడుగుట పౌరధర్మము. తీగెలు భూమిలోనికి పోవలసినదే. లెక్కలు మాత్రము వెలుతురులో నుండవలెను.