రైలుకో న్యాయం, ట్యాంకరుకో న్యాయం

చమురు పరిశ్రమలో లారీ డ్రైవరుగా చేరడానికి హెవీ లైసెన్సు ఒక్కటే చాలదు. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు, ముడిచమురు మోసే బండి నడపాలంటే 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 9వ నిబంధన మరో రెండు షరతులు పెట్టింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దాన్ని చూపితే లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల అనుమతి పడుతుంది. డ్రైవర్లు దాన్నే హజార్డస్ లైసెన్సు అంటారు. మామూలు రవాణా లైసెన్సు ఐదేళ్లు చెల్లితే ఇది మూడేళ్లే చెల్లుతుంది. 2019 సవరణకు ముందు దీని గడువు ఏడాదే.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ యువకులకు ఈ ఉద్యోగం అందనంత దూరంలో లేదు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ జాతీయ రహదారి ఈ ఊరి పక్కగానే సాగుతుంది. పడమటికి బిలాస్‌పూర్ దారి, ఉత్తరాన బాంకుడా మీదుగా రాణిగంజ్ దారి ఇక్కడే చీలతాయి. 1975 నుంచి నడుస్తున్న హల్దియా రిఫైనరీకి కోలాఘాట్ దగ్గర మలుపు తిరగాలి. ఉత్తర 24 పరగణాల జిల్లా అశోక్‌నగర్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావి నుంచి బెంగాల్ బేసిన్ తొలి చమురు 2020 డిసెంబర్‌లో వెళ్లింది కూడా హల్దియాకే. అదే నెలలో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఆ హోదా ఎంతో కాలం ఎదురుచూసిన గౌరవం. ఎనిమిదో షెడ్యూలులో ఉంది కనుక 9వ నిబంధన అడిగే భారతీయ భాషగా తెలుగు కూడా చెల్లుతుంది. తెలుగు చదవగల ఖరగ్‌పూర్ కుర్రవాడు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటే మొదటి షరతు దాటినట్టే.

ఈ భాషా షరతును తేలిగ్గా తీసిపారేయకూడదు. ట్యాంకరు వెనకా పక్కలా ఉండే ప్రమాద సమాచార పలక మీద ఒక అంకె ఉంటుంది. 1203 అంటే పెట్రోలు, 1267 అంటే ముడిచమురు, 1075 అంటే వంటగ్యాసు. క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు ఉంటుంది. సరుకు కారితే ఏం చేయాలో, మంట దేనితో ఆర్పాలో, ఎంత దూరం జనాన్ని జరపాలో అందులో రాసి ఉంటుంది. బండి బోల్తాపడిన చోటికి అగ్నిమాపక దళం వచ్చేలోపు ఆ కాగితం చదవగలిగినవాడు డ్రైవరొక్కడే. ప్రమాదం జరిగితే వెంటనే దగ్గరి పోలీసు స్టేషనుకు చెప్పాల్సిన బాధ్యతను కూడా చట్టం అతని మీదే ఉంచింది.

చదువు ఒక్కటీ సరిపోదు. డిపోలో లోడింగ్‌కు నిలిపిన బండికి ఎర్తింగ్ తీగ తగిలించకపోతే నిశ్చల విద్యుత్తు నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకుంటుంది. సైలెన్సరుకు నిప్పురవ్వలు ఆపే జాలీ ఉండాలి. సగం నిండిన ట్యాంకులో ద్రవం మలుపు దగ్గర ఒక పక్కకు ఉరికి బండినే పడదోయగలదు. సిమెంటు లారీని పదేళ్లు నడిపినవాడికి కూడా ఇది కొత్త విద్యే. ఇరవై వేల లీటర్ల పెట్రోలును జనం మధ్య నుంచి తీసుకెళ్లే మనిషికి మూడు రోజుల శిక్షణ ఏ లెక్కన చూసినా తక్కువే.

రైలు బండ్ల డ్రైవరును ఎలా తయారుచేయాలో ఖరగ్‌పూర్‌కు బాగా తెలుసు. లోకో పైలట్ ముందు అసిస్టెంటుగా చేరతాడు, శిక్షణ పాఠశాలలో చదువుతాడు. కంటిచూపులో ఏ-1 వైద్య ప్రమాణం అందుకోవాలి. కొత్త సెక్షన్‌లో బండి అప్పగించే ముందు ఆ దారిని స్వయంగా చూసి నేర్చుకోవాలి. డ్యూటీ ఎక్కేటప్పుడు ఊపిరి పరీక్ష ఉంటుంది, పనిచేసిన గంటలకు రాతపూర్వక లెక్క ఉంటుంది. అదే పెట్రోలు ట్యాంకు వ్యాగన్లలో పట్టాల మీద వెళితే ఇంత జాగ్రత్త. రోడ్డెక్కితే ఈ వ్యవస్థలో చాలా భాగం మాయమవుతుంది.

కారణం నియామకం జరిగే తీరులోనే ఉంది. చమురు కంపెనీలు రవాణాను టెండర్ల ద్వారా కాంట్రాక్టర్లకు ఇస్తాయి. డ్రైవరును పెట్టుకునేది ట్యాంకరు యజమాని. క్లీనరుగా ఎక్కిన కుర్రవాడు సీనియర్ డ్రైవరు పక్కన కూర్చుని పని నేర్చుకుంటాడు, యజమానికి నమ్మకం కుదిరాక స్టీరింగ్ పడతాడు. ఆ తర్వాతే పోలీసు ధ్రువీకరణ, డిపో గుర్తింపు కార్డు. జీతం ఎక్కువగా ట్రిప్పుల మీదా బత్తా మీదా ఆధారపడుతుంది కనుక నిద్ర మానుకుని నడిపేలా తొందర పుడుతుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 అని 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం పెట్టిన హద్దు హైవే మీద కాగితానికే పరిమితమైంది.

చమురు బావి ఆవరణలో పని మరో రకం. రిగ్గు భాగాలు మోసే ట్రెయిలర్లు, డ్రిల్లింగ్ బురద (మడ్), సిమెంటు, నీళ్ల ట్యాంకర్లు అక్కడ తిరుగుతాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం చమురు బావిని గనిగా లెక్కించింది కాబట్టి వైద్య పరీక్ష, 1966 నిబంధనల ప్రకారం వృత్తి శిక్షణ కావాల్సి వచ్చేవి. 1995లో కోనసీమ పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండిన సంగతి గుర్తున్నవారికి ఆ కట్టుదిట్టం ఎందుకో వివరించనక్కర్లేదు.

2024 జనవరి మొదట్లో ట్యాంకరు డ్రైవర్లు బండ్లు ఆపేస్తే హైదరాబాద్‌లో బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలన్న భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్ వారిని భయపెట్టింది. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే జైలు అన్నది వారి బాధ. ఆ ఏడాది జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను పక్కన ఉంచారు. శిక్ష గురించి ఇంత చర్చ జరిగిన దేశంలో శిక్షణ గురించి అందులో పదో వంతు కూడా జరగలేదు.

చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. రైల్వే శిక్షణ అనుభవం ఉన్న ఖరగ్‌పూర్‌లోనే హజార్డస్ శిక్షణ కేంద్రం పెట్టి, తెలుగు, బెంగాలీ, హిందీల్లో బోధించి, మూడు రోజుల తరగతికి ముందు అనుభవజ్ఞుడి పక్కన నిర్ణీత సంఖ్యలో ట్రిప్పులు తప్పనిసరి చేయవచ్చు. చమురు కంపెనీల ట్యాంకర్లకు ఇప్పటికే ట్రాకింగ్ పరికరాలు ఉన్నాయి. ప్రతి ట్రిప్పూ బండి నంబరు మీద నమోదవుతోంది. దాని పక్కన డ్రైవరు లైసెన్సు నంబరు కూడా చేరిస్తే, యజమాని మారినప్పుడు అతను ఎన్నేళ్లు, ఎంత దూరం, ఏ సరుకుతో క్షేమంగా నడిపాడో చూపే రికార్డు అతని చేతిలో ఉంటుంది.